తడి పలక వాసన

మద్యం గురించి ఇప్పటివరకూ నేను రాసినవన్నీ దానికి వ్యతిరేకంగా రాసినవే. నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం సారా వ్యతిరేక ఉద్యమ నేపథ్యంలో వచ్చిన కథల మీద. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి రాష్ట్రమంతా పాకిన ఆ కదలిక గురించి సదస్సుల్లో ఎన్నిసార్లు మాట్లాడానో లెక్కలేదు. అలాంటి నేను 2024 అక్టోబరులో ఎడింబరోలో నాలుగు గాజు గ్లాసుల ముందు కూర్చుని పద్దెనిమిదేళ్ల సింగిల్ మాల్ట్ విస్కీ రుచి చూశాను. అది నాకు నచ్చింది.

రుచి చూశానని ఒప్పుకోవడం కష్టమేమీ కాదు. సదస్సు కోసం వెళ్లాను, అక్కడి సంస్కృతిని పరిశీలించాను అంటే సరిపోతుంది. పరిశోధకులకు ఆ మాటొక గొడుగు. నచ్చిందన్న సంగతే ఆ గొడుగు కింద ఇమడలేదు. అది మా అమ్మకు చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో ఆలోచించినవీ, చివరికి అమ్మ అన్నవీ ఇక్కడ రాస్తున్నాను.

సదస్సు అయిపోయిన సాయంత్రం అక్కడి స్నేహితురాలు ఒకామె నన్ను తీసుకెళ్లింది. బల్ల చుట్టూ ఎనిమిది మందిమి. మేమిద్దరం తప్ప అందరూ మగవాళ్లే. రుచి చూపించేది మాత్రం స్త్రీ, నలభై ఏళ్లుంటాయి. బడిలో పంతులమ్మలా నెమ్మదిగా చెప్పింది. మొలకెత్తించిన బార్లీ, నీళ్లు, ఈస్టు. ఈ మూడే పదార్థాలు. ఒకే డిస్టిలరీలో, రాగి బట్టీల్లో, విడతలు విడతలుగా కాచాలి. ఓక్ పీపాల్లో, స్కాట్లండ్ నేల మీదే, కనీసం మూడేళ్లు ఉంచాలి. సీసాలోకి ఎక్కేటప్పుడు నలభై శాతానికి తగ్గకూడదు. 2009 నాటి చట్టంలో ఇవి చాలావరకు ఉన్నాయి. సీసా మీద పద్దెనిమిది అని రాస్తే, అందులో కలిసిన పీపాలన్నిటిలోకీ చిన్నదాని వయసు పద్దెనిమిది అని అర్థం. సీసాలోకి ఎక్కాక ఇక వయసు పెరగదు. ముప్పై ఏళ్లు బీరువాలో దాచినా పద్దెనిమిదే.

వాసన చూసే పద్ధతి వేరుగా చెప్పింది. గ్లాసు కింద బొద్దుగా, పైన సన్నగా ఉంటుంది. ముక్కు లోపల పెట్టకూడదు, అంచు దగ్గర పెట్టాలి. నోరు కొంచెం తెరిచి ఉంచాలి, లేకపోతే ఆల్కహాలు ఘాటు ముక్కును మొద్దుబారుస్తుంది. తర్వాత రెండు మూడు చుక్కలు నీళ్లు. నీళ్లు పోస్తే పలచబడుతుందనుకుంటాం గానీ, కొన్ని వాసనలు అప్పుడే పైకి తేలతాయి. విస్కీకి పొగ వాసననిచ్చే గ్వయకాల్ అనే అణువు నీళ్లు కలిసినప్పుడు ఉపరితలానికి చేరుతుందని 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో చూపించారు కూడా.

ఒక్కొక్కరినీ ఏం వాసనొస్తోందని అడుగుతూ వస్తోంది. ఎండుద్రాక్ష అన్నారొకరు. నారింజ తొక్క, తేనె, పాత పుస్తకాల గది అన్నారు. నా వంతు దగ్గర పడుతుంటే గుండె కొట్టుకోవడం మొదలైంది. నాకు ముందు వచ్చిన వాసన ఎండుద్రాక్ష కాదు. రాత్రి పదింటికి గడియ తీసిన తలుపు. గడపలో నిలబడ్డ మా నాయన.

రెండోసారి పీల్చాను. నాయన పక్కకి జరిగాడు. వెనక ఇంకేదో ఉంది, చల్లగా, బూడిదరంగులో. "పలక" అన్నాను. "తడి గుడ్డతో తుడిచిన పలక." ఆమె మొహం వెలిగిపోయింది. తడి పలక అనే మాట ఈ విద్యలో నిజంగానే వాడతారట. "మీది మంచి ముక్కు. ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను.

ఆ ప్రశ్నకు జవాబు మార్కాపురంలో ఉంది.

తెలుగునాట అక్షరాలు దిద్దిన మా తరం వరకూ చాలామంది చేతుల్లో ఉన్నది మార్కాపురం పలకే. మా నాయన పలకల గనిలో రాయి తీసేవాడు. అమ్మ పలకలకు చెక్క చట్రాలు బిగించే పనికి వెళ్లేది. ఇంట్లో ఎప్పుడూ సన్నటి బూడిదరంగు దుమ్ము. దాన్ని తడిగుడ్డతో తుడిస్తే లేచే వాసనే నేను ఎడింబరోలో పట్టుకున్నది. పలక వాసన పగటిది. రాత్రి వాసన వేరు.

సాయంత్రం ఏడు దాటితే అమ్మ పని చేసుకుంటూనే తలుపు వైపు చెవి, ముక్కు పెట్టేది. నాయన గడపలో అడుగు పెట్టగానే ఆమెకు అన్నీ తెలిసిపోయేవి. ఎంత తాగాడు, ఎక్కడ తాగాడు, మీద ఏమన్నా తిన్నాడా, ఎవరి డబ్బుతో తాగాడు. ఒక ప్యాకెట్ అయితే అన్నం పెట్టొచ్చు. రెండయితే మాట్లాడకుండా పెట్టాలి. మూడయితే నన్నూ తమ్ముణ్ణీ పక్కింట్లో పడుకోబెట్టాలి. ఈ నిర్ణయానికి ఆమెకున్న సమయం ఆయన గడపలోంచి మంచం దాకా నడిచే నాలుగడుగులు. ఆమె అంచనా తప్పిన రాత్రులు నాకు గుర్తున్నాయి, చాలా తక్కువ. తప్పినప్పుడు ఏం జరిగేదో కూడా గుర్తుంది.

ఇప్పుడు ఆలోచిస్తే, ప్రభుత్వ విధానాలన్నీ మా ఇంట్లోకి నాయన నోట్లోంచి వాసనగా వచ్చేవి. మొదట ప్యాకెట్ల సారా. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు ఒకటి నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. నాయన బ్రాందీ షాపుకి మారాడు. రంగు కలిపిన తీపి ఘాటు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. కొన్నాళ్లు మా ఇంట్లో పలక వాసన ఒక్కటే మిగిలింది. అమ్మ జీవితంలో అవి మంచి నెలలు. తర్వాత నల్లమల అంచు నుంచి నాటుసారా రావడం మొదలైంది. కాల్చిన బెల్లం, తుమ్మచెక్క, నవసారం. 1997లో నిషేధం ఎత్తేశారు. మళ్లీ బ్రాందీ షాపు. నేను థీసిస్‌లో జీవోలతో, తేదీలతో రాసిన చరిత్ర అమ్మకి ముక్కుతో తెలుసు.

2006లో నాయన పోయాడు. చివరి రెండు నెలలూ తాగలేదు, తాగే ఓపిక లేదు. ఒకరోజు అమ్మ ఆయన మొహం మీదికి వంగి లేచి, "తాగలా. అయినా ఏదో తీపి వాసనొస్తాంది, ముక్కిన వాసన. ఇది బాగలేదు పాపా" అంది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. కాలేయం పూర్తిగా దెబ్బతిన్నప్పుడు ఊపిరికి అలాంటి తీపి వాసన వస్తుందనీ, వైద్యశాస్త్రంలో దానికొక లాటిన్ పేరు కూడా ఉందనీ చాలా ఏళ్ల తర్వాత చదివాను. రిపోర్టులు రావడానికి ముందే అమ్మ చెప్పింది.

ఎడింబరోలో నా ముందున్న గ్లాసులోది 2006లోనో, అంతకుముందో పీపాలోకి ఎక్కి ఉండాలి. వేళ్లు లెక్కపెట్టి చూస్తే ఆ సంగతి తట్టింది. నేను ఆ గ్లాసు కింద పెట్టేశాను. కాసేపయ్యాక మళ్లీ తీసుకున్నాను.

సాహిత్య విద్యార్థులుగా మనకి రుచి అనే మాట కొత్త కాదు. మన విమర్శ పునాదే దాని మీద ఉంది. రసం ఎలా ఆస్వాదిస్తామో చెప్పడానికి భరతుడు నాట్యశాస్త్రంలో భోజనాన్ని పోలిక తెచ్చాడు. రకరకాల వ్యంజనాలతో కూడిన అన్నాన్ని తింటూ రుచుల్ని ఆస్వాదించేవాళ్లుగా ఆయన చెప్పింది సుమనస్కులైన పురుషుల్ని. ఆ పురుష శబ్దాన్ని మనుషులనే అర్థంలో తీసుకోవాలని మా గురువులు చెప్పేవారు. సరే, అలాగే తీసుకుందాం. కానీ ఆ వ్యంజనాలు వండిందెవరు, ఉప్పు సరిపోయిందో లేదో వాసనతోనే చెప్పగలిగిందెవరు అన్న ప్రశ్న ఆ అధ్యాయంలో ఎక్కడా రాదు. ఆ తర్వాత వచ్చిన సహృదయుడూ పుంలింగమే.

అటు పడమర కూడా ఇంతే. ఎడింబరోలో పుట్టిన డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచికి ప్రమాణం ఏమిటన్న వ్యాసం రాశాడు. అందులో డాన్ కిహోటే నవల నుంచి తీసుకున్న ఒక కథ ఉంది. ఇద్దరు చుట్టాలకి ఒక పీపాలోని ద్రాక్షసారా రుచి చూసే పని పడింది. బాగానే ఉంది గానీ తోలు రుచి తగులుతోందన్నాడొకడు. ఇనుము రుచి అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. పీపా ఖాళీ అయ్యాక చూస్తే అడుగున ఒక పాత తాళంచెవి, దానికి కట్టిన తోలుతాడు. సున్నితమైన అభిరుచి అంటే ఇదీ అని హ్యూమ్ చూపిస్తాడు.

ఎం.ఎ.లో ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి బయటికి వెళ్లిపోయాను. ఈ కథ నాకు ముందే తెలుసు. అది గిద్దలూరు పక్క ఊళ్లో జరిగింది.

1992లో దెబ్బలు తట్టుకోలేక అమ్మ నన్ను తీసుకుని గిద్దలూరు దగ్గర పుట్టింటికి వచ్చేసింది. నాకు ఐదేళ్లు. అమ్మమ్మ వాళ్ల ఊరు నల్లమల కిందే. నెల్లూరు వైపు నుంచి ఆడవాళ్లు సారా కొట్లు మూయిస్తున్నారన్న వార్త అప్పటికే మా దాకా వచ్చింది. రాత్రి బడిలో మా మార్కాపురం పలకల మీదే అమ్మ తన పేరు రాయడం నేర్చుకుంటోంది. ఒకరోజు నాయన ఆమెను తీసుకుపోవడానికి వచ్చి, ఆ ఊళ్లోనే తాగి ఇంటికొచ్చాడు. అమ్మ ముక్కు మూసుకుని, "ఇది మామూలు సారా కాదు, తుప్పు వాసనొస్తాంది" అంది. అరుగు మీదున్న మగవాళ్లు నవ్వారు. "నువ్వూ ఒక గుక్క తాగి చెప్పమ్మే" అన్నాడొకాయన. నవ్వు ఆగకముందే నాయన కొట్టాడు.

తర్వాత వారంలో ఊరి ఆడవాళ్లంతా వాగు గట్టుకి వెళ్లి బెల్లం ఊట డ్రమ్ములు దొర్లించారు. అమ్మమ్మ చంకలో ఉండి నేనూ చూశాను. పులిసిన వాసన, ఇసకలోకి ఇంకుతున్న నురగ. ఒక డ్రమ్ము అడుగున నవసారం గడ్డలతో పాటు పాత టార్చిలైటు సెల్లులు బయటపడ్డాయి, తుప్పు పట్టి పగిలిపోయినవి.

హ్యూమ్ కథలో తాళంచెవి దొరికాక నవ్వినవాళ్లు నోరు మూసుకుంటారు, ఆ చుట్టాలిద్దరూ రుచికి ఉదాహరణగా గ్రంథాల్లో మిగిలిపోతారు. వాగు గట్టున సెల్లులు దొరికాక మా అమ్మను ఎవరూ ఏమీ అనలేదు. అంతకుముందు నవ్వినవాళ్లు ఆ సంగతే మర్చిపోయారు. నేను కూడా నా థీసిస్‌లో రాయలేదు. ఉద్యమాన్ని బాధ, ధైర్యం, ఐక్యత అనే మాటలతో రాశాను. నైపుణ్యం అనే మాట నాకు తట్టలేదు.

విస్కీ చరిత్ర తిరగేస్తే అక్కడా ఆడవాళ్ల చేతులు కనిపిస్తాయి. కార్డూ డిస్టిలరీ మొదట్లో హెలెన్ కమింగ్ నడిపిన దొంగబట్టీ. ఎక్సైజు అధికారులు వస్తే ఇంట్లో కూర్చోబెట్టి మర్యాద చేస్తూ, వెనకవైపు ఎర్రజెండా ఎగరేసి చుట్టుపక్కల వాళ్లని హెచ్చరించేదని చెప్పుకుంటారు. 1824లో లైసెన్సు వచ్చింది, భర్త పేరు మీద. తర్వాత కోడలు ఎలిజబెత్ దాన్ని కొత్తగా కట్టి, 1893లో జాన్ వాకర్ కంపెనీకి అమ్మింది. లఫ్రోయిగ్‌కి గుమాస్తాగా వచ్చిన బెస్సీ విలియమ్సన్ 1954లో దాని యజమాని అయింది. ఈ కథలు ఆ సాయంత్రం పంతులమ్మ గర్వంగా చెప్పింది, మేమంతా చప్పట్లు కొట్టాం. కొడుతుంటే ఇబ్బందిగా అనిపించింది. మా నల్లమల అంచుల్లో సారా కాచే ఆడవాళ్లు కూడా ఉన్నారు. మొగుడు వదిలేసినవాళ్లు, పొలం లేనివాళ్లు. వాళ్లు కూడా ఎక్సైజు జీపు వస్తుంటే ఒకరికొకరు సైగలు చేసుకుంటారు. వాళ్ల ఫోటో పత్రికలో ప్లాస్టిక్ బిందెల పక్కన తల వంచుకుని ఉంటుంది. వాగు గట్టున మనం దొర్లించిన డ్రమ్ముల్లో కొన్ని వాళ్లవి. ఉద్యమ చరిత్ర రాసేటప్పుడు నేను వాళ్లని దాటేసి వెళ్లాను. స్కాట్లండ్‌లో రెండు వందల ఏళ్లు గడిచాక దొంగబట్టీ వారసత్వం అవుతుంది. పేదరికానికి అంత గడువు ఎవరూ ఇవ్వరు.

గడువు గురించి ఇంకొక మాట. పీపాలో ఉన్న విస్కీ ఏటా కొంత ఆవిరైపోతుంది. దాన్ని వాళ్లు దేవదూతల వాటా అంటారు. స్కాట్లండ్ చలికి ఏడాదికి సుమారు రెండు శాతం. బెంగుళూరులో తయారై 2004లో గ్లాస్గోలో మొదటిసారి అమ్మకానికి వెళ్లిన అమృత్ సింగిల్ మాల్ట్ విషయంలో పది శాతానికి పైనే పోతుంది. అందుకే మన ఎండలో నాలుగైదేళ్లకే ముదురుతుంది. ఇరవై ఏళ్లు ఉంచితే పీపాలో మిగిలేది తక్కువ. వయసు ఎక్కువైతే మంచిదని కూడా లేదు, అతిగా ఉంచితే చెక్క చేదు ఎక్కుతుంది. ఇదంతా వింటున్నప్పుడు మా ప్రాంతపు ఆడవాళ్లు గుర్తొచ్చారు. ముప్పై ఐదేళ్లకే ముసలివాళ్లయిన మా పిన్నమ్మలు. వాళ్లలోంచి ఏటా ఎంత ఆవిరైందో కొలిచినవాళ్లు లేరు. ఆ వాటా దేవదూతలకి పోలేదని మాత్రం నాకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో ఒక పద్దెనిమిదేళ్ల సీసా కొన్నాను. హైదరాబాదులో మా గది బీరువాలో చీరల వెనక దాచాను. దాచానని గమనించినప్పుడు సిగ్గేసింది. ఎవరి నుంచి? ఒంటరిగా ఉండేదాన్ని. మా స్నేహితురాళ్లలో తాగేవాళ్లు ఉన్నారు, తాగే హక్కు గురించి మాట్లాడేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో నేను తలూపాను. మద్యనిషేధం కోరే సభల్లోనూ తలూపాను. నాటుసారా తాగితే దురలవాటు, సింగిల్ మాల్ట్ తాగితే అభిరుచి అనే లెక్క ఎంత అన్యాయమో నాకు తెలుసు. 2025 జూలైలో సంతకమైన భారత్-బ్రిటన్ వాణిజ్య ఒప్పందంలో స్కాచ్ మీద నూటయాభై శాతం సుంకాన్ని సగానికి, పదేళ్లలో నలభైకి తగ్గించే షరతు చూసినప్పుడు, దానికి కాస్త ముందు 2024 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో 99 రూపాయల క్వార్టర్ వచ్చినప్పుడు, రెండూ ఒకే కథలో రెండు చివరలని సులభంగానే రాయగలను. కానీ ఆ రాతలో నాకు నచ్చిందన్న సంగతిని ఎక్కడ పెట్టాలి?

సంక్రాంతికి సీసా సంచిలో పెట్టుకుని బయల్దేరాను. గుంటూరులో రైలు మారి, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం దాటి గిద్దలూరులో దిగాను. అమ్మ ఇప్పుడు తమ్ముడి దగ్గర ఉంటోంది. పండగకి తమ్ముడూ మరదలూ పిల్లల్ని తీసుకుని మరదలి పుట్టింటికి వెళ్లారు. ఇంట్లో మేమిద్దరమే. మూడో రోజు మధ్యాహ్నం, అమ్మ చేటలో కందులు బాగుచేస్తుంటే, సీసా తెచ్చి ముందు పెట్టాను.

"ఏందే ఇది?"

"విస్కీ అమా. నేను కొన్నా."

అమ్మ చేట పక్కన పెట్టింది. సీసాని తాకలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను, బార్లీ, మొలకలు, రాగి బట్టీ. సదస్సులో మాట్లాడినట్టే మాట్లాడాను. మధ్యలో ఆపింది.

"ముందొచ్చేది పారబోస్తారా, దాన్నీ కలిపేస్తారా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మొదట దిగేదీ చివర దిగేదీ పనికిరావు, మధ్యదే తీసుకోవాలి. ఆ విభజన సమయం పట్టుకోవడంలోనే కాచేవాళ్ల పనితనమంతా ఉందని అక్కడ పదిహేను నిమిషాలు చెప్పారు.

"పారబొయ్యరు. వేరే తీసి మళ్లీ కాస్తారు. మధ్యదే పీపాలో పోస్తారు."

"అయితే పని తెలిసినోళ్లే" అంది.

స్టీలు గ్లాసులో రెండు చెంచాలు పోశాను. పద్ధతి చెప్పబోయాను గానీ అవసరం లేకపోయింది. ఆమె గ్లాసును మొహానికి దూరంగా, గడ్డం కింద పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, పైకొచ్చే గాలిని తీసుకుంది. చెంబులోంచి రెండు చుక్కలు నీళ్లు వేళ్లతో చిలకరించి మళ్లీ చూసింది. కళ్లు మూసుకుంది. ఆ ఇరవై సెకన్లూ నాకు భయమేసింది. ఆమెను ఆ గడప దగ్గరికి మళ్లీ తోసేశానేమో అనిపించింది.

"బెల్లప్పాకం" అంది. "ఎండుద్రాక్ష. కొయ్యపెట్టె, బట్టలు పెట్టేది. లోపల పొగ ఉండాది, పొయ్యి పొగ కాదు, ఎప్పుడో ఆరిపోయిందానిది." ఆగి మళ్లీ పీల్చింది. "దీంట్లో తప్పు లేదే. శుద్ధమైన సరుకు."

"తాగి చూస్తావా?"

"ముక్కుకి తెలిసినాక నోటికెందుకు?"

స్కాట్లండ్‌లో విస్కీలు కలిపే నిపుణులు కూడా ఎక్కువగా ముక్కుతోనే పని చేస్తారు, నీళ్లు కలిపి ఇరవై శాతానికి తెచ్చి వాసన చూస్తారు, తాగరు అని చెప్పాను. "మరి" అంది, అదేమంత విశేషమన్నట్టు. ధర అడిగింది. పన్నెండు వేల చిల్లర అన్నాను. రోజుకు పాతిక రూపాయల లెక్కన తను చట్రాలు బిగించిన రోజుల్లో అయితే ఏడాది పైమాటే అని నోటితోనే లెక్కేసింది. తర్వాత గ్లాసు నేల మీద పెట్టి, చాలాసేపు దాన్నే చూస్తూ, "మీ నాయన నోట్లోంచి ఇట్టాంటి వాసనొచ్చి ఉంటే, నేనింకా పదేళ్లు మోసపోయేదాన్ని" అంది.

నా మూడు నెలల ఆలోచనలోకి ఈ మాట రాలేదు. మంచి సరుకు, చెడ్డ సరుకు, వాటి వెనక వర్గం, ఇవన్నీ చూశాను. సువాసన వేసే గడపల్లో ఉండే ఆడవాళ్ల గురించి అమ్మ ఒక్కతే ఆలోచించింది. వాళ్లకి ముందస్తు హెచ్చరిక కూడా ఉండదు.

అప్పుడు చెప్పాను. "అమా, నేను తాగినా. నాకు నచ్చింది."

అమ్మ కందుల చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. రాళ్లు ఏరుతూనే అడిగింది.

"ఎవురి డబ్బులు?"

"నావే."

"తాగినాక ఎవురినన్నా కొట్టబుద్ధయిందా?"

"లేదు."

"తెల్లారి లేసి పనికి పోయినావా?"

"పోయినా."

"రోజూ కావాలనిపిస్తాందా?"

ఈ ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నిజాయితీగా ఆలోచించి, "లేదు. కానీ అప్పుడప్పుడూ గుర్తొస్తాంది" అన్నాను. అమ్మ చేతులు ఆగాయి. నా వైపు చూసింది, నాయన నడిచొస్తుంటే చూసిన చూపే. నాలుగడుగుల్లో అంచనా వేసే చూపు. నేను పక్కకు తిరగలేదు.

"గుర్తుపెట్టుకో అయితే" అంది. "అది నిన్ను గుర్తుపెట్టుకోకుండా చూసుకో."

సాయంత్రం నేను వద్దంటున్నా సీసా కడిగి, తుడిచి, తన ట్రంకు పెట్టెలో పెట్టుకుంది. హైదరాబాదుకి తీసుకుపోతానంటే ఒప్పుకోలేదు. "వచ్చినప్పుడు తాగు. నా ముందర తాగు. చీరల యనక దాయాల్సిన పని ల్యా." చీరల సంగతి నేను చెప్పలేదు. సీసా మూతకి నాఫ్తలీన్ వాసన అంటుకుని ఉందట.

ఆ తర్వాత రెండుసార్లు వెళ్లాను. వెళ్లినప్పుడల్లా రెండు చెంచాలు నేను తాగుతాను, అమ్మ వాసన చూస్తుంది. మొన్న మూత తీసి, "ఆ పొగ తగ్గిందే, గాలి దూరినట్టుండాది" అంది. నాకైతే తేడా తెలియలేదు. తెరిచిన సీసాలో గాలి చేరినకొద్దీ వాసనలు నెమ్మదిగా మారతాయని పుస్తకాల్లో ఉంది. నా థీసిస్‌ని ఇప్పుడు పుస్తకంగా తిరగరాస్తున్నాను. అందులో కొత్తగా ఒక అధ్యాయం చేరుతోంది. వాగు గట్టున దొరికిన టార్చిలైటు సెల్లులతో అది మొదలవుతుంది.